త్రో తగ్గితే ముందు నోట్‌బుక్ తీయండి: ఓవర్‌ట్రైనింగ్‌ను పసిగట్టి బయటపడే పద్ధతి

"సార్, ఒక్క రోజు కూడా మానకుండా వస్తున్నా. అయినా గుండు వెనక్కే పడుతోంది." నెలలో నాలుగైదుసార్లయినా ఈ మాట నా చెవిన పడుతుంది. అనేవాళ్ళే మారుతుంటారు. ఒకసారి షాట్‌పుట్ కుర్రాడు, ఒకసారి వెయిట్‌లిఫ్టర్, ఇంకోసారి తెలంగాణ పోలీసు ఈవెంట్స్ కోసం 7.26 కిలోల గుండుతో కుస్తీ పడుతున్న అభ్యర్థి. ప్రశ్న వేశాక జవాబు కూడా వాళ్ళే చెప్పేస్తారు: "ప్రాక్టీస్ చాలట్లేదేమో, సాయంత్రం కూడా రానా?"

వద్దు. దూరం తగ్గినప్పుడు త్రోలు పెంచడమే ఈ వ్యవహారంలో మొదటి తప్పు, అన్నిటికన్నా పెద్ద తప్పు. అలసట వల్ల తగ్గిందా, అభ్యాసం చాలక తగ్గిందా అన్నది తేల్చుకున్నాకే ఏదైనా చేయాలి. తేల్చుకునే పద్ధతీ, అలసటే అని తేలితే కోలుకునే వరసా కింద రాశాను. షాట్‌పుట్, డిస్కస్, జావెలిన్, హ్యామర్, వెయిట్‌లిఫ్టింగ్, పవర్‌లిఫ్టింగ్ చేసేవాళ్ళందరికీ ఇది పనికొస్తుంది.

## 1. మూడు రకాల అలసటను విడదీసుకోండి

మామూలు అలసట. సోమవారం స్క్వాట్స్ కొడితే బుధవారం దాకా తొడలు పట్టేసి ఉంటాయి. ఒకటి రెండు రోజుల్లో అదే పోతుంది. దీనికి కంగారు అక్కర్లేదు.

ఓవర్‌రీచింగ్. వారం పది రోజులు గట్టిగా తోమితే పనితనం కాస్త పడిపోతుంది. భారం తగ్గిస్తే కొద్ది రోజుల నుంచి రెండు వారాల్లో మునుపటికన్నా మెరుగ్గా లేస్తుంది. కోచ్‌లు కావాలని చేయించేది ఇదే. కానీ తగ్గించాల్సిన చోట తగ్గించకపోతే లేవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. అప్పటికి లాభం పోయి నష్టమే మిగులుతుంది.

ఓవర్‌ట్రైనింగ్ సిండ్రోమ్. నెలల తరబడి విశ్రాంతి తీసుకున్నా పనితనం తిరిగి రాదు. నిద్ర, మూడ్, ఆకలి, రోగనిరోధక శక్తి అన్నీ కలిసి దెబ్బతింటాయి. ఇది అరుదు. "నాకు ఓవర్‌ట్రైనింగ్ అయింది" అని వచ్చేవాళ్ళలో ఎక్కువమంది నిజానికి రెండో రకంలోనే ఉంటారు.

ఇక్కడ ఒక చిక్కుంది. మీరు ఏ రకంలో ఉన్నారో మొదటిరోజే చెప్పే పరీక్ష ఏదీ లేదు. కోలుకోవడానికి ఎంతకాలం పట్టిందో చూశాకే పేరు పెట్టగలం. కాబట్టి పేరు కోసం వెతకడం ఆపి గుర్తులు వెతకండి.

## 2. ముందుగా ఒక నోట్‌బుక్

యాప్‌లు, స్మార్ట్ వాచీలు ఉంటే మంచిదే. లేకపోయినా 20 రూపాయల నోట్‌బుక్, చేతిలో ఉన్న ఫోన్‌లో స్టాప్‌వాచ్ చాలు. రోజూ రాయాల్సినవి ఇవి:

- రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు
- పొద్దున లేవగానే, మంచం దిగకముందే, నిమిషం పాటు లెక్కపెట్టిన పల్స్
- పొద్దుటి బరువు
- సెషన్ ఎన్ని నిమిషాలు నడిచింది
- సెషన్ అయ్యాక ఓ అరగంటకు, అది మొత్తంగా ఎంత కష్టమనిపించిందో 10కి ఒక మార్కు
- ఎన్ని త్రోలు, అందులో మంచిది ఎంత. లిఫ్టర్లయితే పెద్ద బరువులు ఎన్నిసార్లు ఎత్తారు
- ఒంట్లో ఎలా ఉందో ఒక్క ముక్క

నిమిషాలను కష్టం మార్కుతో గుణించండి. 90 నిమిషాల సెషన్‌కు 7 మార్కులిస్తే 630. అది ఆరోజు భారం. ఏడు రోజులవి కూడితే వారం భారం. ఈ లెక్క గ్రౌండ్‌కూ జిమ్‌కూ రన్నింగ్‌కూ ఒకేలా పనికొస్తుంది. గ్రౌండ్‌లో ఒక కోచ్, జిమ్‌లో ఇంకో కోచ్ ఉన్న పిల్లలకు ఇది మరీ అవసరం. ఆయన చేయించింది ఈయనకు తెలియదు, ఈయనది ఆయనకు తెలియదు. రెండింటి భారం మోసేది ఒక్క ఒళ్ళే.

మాదగ్గర డిస్కస్ వేసే ఒకమ్మాయి నోట్‌బుక్‌లోంచి నాలుగు వరసలు, తన అనుమతితోనే:

> జనవరి 6 – నిద్ర 7.5, పల్స్ 58, మంచి త్రో 41.20, కష్టం 7. "బాగుంది."
>
> జనవరి 15 – నిద్ర 6, పల్స్ 61, త్రో 40.05, కష్టం 8. "భుజం బరువుగా ఉంది."
>
> జనవరి 22 – నిద్ర 5, పల్స్ 66, త్రో 38.60, కష్టం 9. "వార్మప్‌కే ఆయాసం. ఇంకో 20 త్రోలు ఎక్కువ వేశా."
>
> జనవరి 27 – నిద్ర 5, పల్స్ 67, త్రో 37.40, కష్టం 9. "గ్రౌండ్ చూస్తేనే ఏడుపొస్తోంది."

త్రో తగ్గడం ఒక్కటే చూస్తే టెక్నిక్ చెడిందనుకుంటాం. నిజానికి నేనూ రెండు వారాలు తన కాలి మలుపు సరిచేస్తూ కూర్చున్నాను. నోట్‌బుక్ అడిగి చూశాక సిగ్గేసింది. దూరం తగ్గుతుంటే కష్టం పెరుగుతోంది, నిద్ర కరిగిపోతోంది. 22వ తేదీన తను వేసిన ఆ "ఇంకో 20" ఆమె దృష్టిలో మందు, ఒంటి దృష్టిలో విషం. నిద్ర ఎందుకు తగ్గిందంటే కాలేజీలో ప్రీ ఫైనల్స్. ఆ పరీక్షల సంగతి నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

## 3. వారానికి రెండుసార్లు ఒక చిన్న పరీక్ష

ఫుల్ త్రో దూరాన్ని గాలి, తడి సర్కిల్ (నిలబడి విసిరే వలయం), టెక్నిక్, మూడ్ అన్నీ మారుస్తాయి. అందుకే టెక్నిక్‌తో పెద్దగా పనిలేని కొలత ఒకటి పెట్టుకోండి. నేను వాడేవి రెండు:

1. నిలబడి లాంగ్ జంప్. మూడు దూకులు, మంచిది రాసుకోవాలి.
2. గుండును రెండు చేతులతో తలమీదుగా వెనక్కి విసరడం. మూడు ప్రయత్నాలు. వెనక ఎవరూ లేరని చూసుకున్నాకే.

రెండిట్లో ఒకటి చాలు. సోమ, గురు వారాల్లో ఒకే టైముకి, ఒకే వార్మప్ తర్వాత, అవే బూట్లతో చేయండి. మొదటి రెండు వారాల సగటు మీ గీటురాయి.

సగటు నుంచి 4 శాతం దాకా, వరసగా రెండు పరీక్షల్లో తగ్గితే నేను ఆ వారం భారం కోసేస్తాను. నిలబడి 2.50 మీటర్లు దూకేవాళ్ళకు 4 శాతమంటే 10 సెంటీమీటర్లు. ఒక్కసారి తగ్గితే పట్టించుకోను. రాత్రి పెళ్ళికి వెళ్ళొచ్చినా అంత తగ్గుతుంది.

## 4. ఎర్రజెండాలు: ఏది ఎంత నమ్మాలి

పొద్దుటి పల్స్ గురించి అందరూ చెబుతారు. మామూలుకన్నా 5 దాకా పెరిగి మూడు రోజులు అలాగే ఉంటే గమనించాలి. 10 దాటితే ముందు జ్వరం వస్తోందేమో చూసుకోవాలి. కానీ బరువులెత్తేవాళ్ళలో, విసిరేవాళ్ళలో ఒళ్ళు హూనమైపోయినా పల్స్ కదలకపోవచ్చు. పరుగుల వాళ్ళకు పనికొచ్చినంతగా ఇది మనకు పనికిరాదు. "పల్స్ బాగానే ఉంది కదా" అని ధీమా పడకండి.

నేను ఎక్కువ నమ్మేవి ఇవి:

- అదే బరువు నిన్నటికన్నా బరువుగా అనిపించడం. 80 కిలోల క్లీన్ (బార్‌ను నేలమీంచి భుజాల దాకా ఎత్తడం) ఎప్పుడూ గాల్లోకి లేచేది, ఇప్పుడు మోకాళ్ళ దగ్గరే ఈడుస్తోంది.
- త్రో చివర్లో ఆ కొరడా దెబ్బలాంటి విసురు పోవడం. కాళ్ళు తిరుగుతాయి, నడుము తిరుగుతుంది, చెయ్యి మాత్రం వెనకబడుతుంది.
- పట్టు సడలడం. హ్యామర్ హ్యాండిల్ జారుతోందనో, బార్ చేతిలో నిలవట్లేదనో అనడం.
- ఒళ్ళు అలిసి పడుకున్నా నిద్ర పట్టకపోవడం, తెల్లారగట్ల మూడింటికే మెలకువ.
- చిన్న మాటకే చిరాకు, లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం. ఎప్పుడూ అరగంట ముందొచ్చే కుర్రాడు పదినిమిషాలు లేటుగా వచ్చి బూట్ల లేసులు నెమ్మదిగా కట్టుకుంటుంటే నేను ఆరోజు ప్లాన్ మార్చేస్తాను.
- ఆకలి చచ్చిపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం.
- నెలలో రెండుమూడుసార్లు జలుబు, నోటిపూత, మానని చిన్న పుండ్లు.
- అమ్మాయిల్లో నెలసరి తప్పడం లేదా మరీ ఆలస్యం కావడం.

పై జాబితాలో మూడు, రెండు వారాలకు మించి ఉంటే, దానికితోడు పరీక్ష అంకె కూడా పడిపోతే, ఆరో మెట్టుకు వెళ్ళండి. అంతకుముందు అయిదో మెట్టు మాత్రం వదిలేయకూడదు.

ఒకచోట నొప్పి వేరు, ఒళ్ళంతా బడలిక వేరు. జావెలిన్ వేసేవాళ్ళకు మోచేతి లోపలివైపు, విసిరినప్పుడల్లా గుచ్చినట్టు నొప్పి వస్తే అది గాయం, అలసట కాదు. ఎదిగే వయసు పిల్లల్లో నడుము వెనక్కి వంచితే వచ్చే నొప్పి రెండు వారాలు దాటితే స్కాన్ తీయించాలి. వెన్నుపూసలో సన్నని పగులు ఉండవచ్చు. విశ్రాంతితో బడలిక తగ్గినా ఇలాంటివి తమంతట తాము పోవు.

## 5. "ఓవర్‌ట్రైనింగ్" అనేముందు వేరే కారణాలు తోసిపుచ్చండి

ఈ మెట్టు దాటేసేవాళ్ళే ఎక్కువ. ఓవర్‌ట్రైనింగ్ అనేది మిగతావన్నీ కాదని తేలాక పెట్టే పేరు. నీరసానికి మనదగ్గర మామూలు కారణాలు బోలెడు.

డాక్టరు దగ్గర అడగాల్సిన పరీక్షలు:

- సంపూర్ణ రక్త పరీక్ష. హిమోగ్లోబిన్ పెద్దవాళ్ళలో మగవాళ్ళకు 13, గర్భిణులు కాని ఆడవాళ్ళకు 12 గ్రాములకన్నా తగ్గితే రక్తహీనత.
- ఫెర్రిటిన్. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఇనుము నిల్వలు అడుగంటిన వాళ్ళుంటారు.
- థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్
- విటమిన్ బి12, విటమిన్ డి. శాకాహారులు బి12 తప్పక చూపించుకోవాలి.
- పరగడుపున షుగర్
- ఈమధ్య జ్వరం వచ్చి ఉంటే డెంగీ, టైఫాయిడ్ సంగతి. డెంగీ తగ్గాక కూడా నీరసం వారాల తరబడి ఉండొచ్చు. జ్వరం తగ్గిన మూడోరోజే గ్రౌండ్‌కు రావడం మనవాళ్ళకు అలవాటు.

ఒక జాగ్రత్త. రక్తం ఇచ్చేముందు వారం రోజులు బరువులు ఎత్తకండి. బాగా ఎత్తిన తర్వాత కండరాల్లోంచి సీకే అనే ఎంజైమ్ రక్తంలోకి వస్తుంది. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ కూడా పెరుగుతాయి. ఆ రెండూ కాలేయం పరీక్షలుగా పేరుపడ్డాయి కాబట్టి "లివర్ పాడైంది" అన్న అనుమానంతో ఇంకో పది పరీక్షలు రాసే అవకాశముంది. వారం ఆగడం కుదరకపోతే మీరు ఏ ఆట ఆడతారో, చివరిసారి ఎప్పుడు ఎత్తారో డాక్టరుకు ముందే చెప్పండి.

ఇంట్లో, హాస్టల్లో అడగాల్సిన ప్రశ్నలు:

- పరీక్షలున్నాయా? నైట్ డ్యూటీ ఉందా? ఇంట్లో గొడవలా?
- సాయంత్రం ప్రాక్టీస్ ముగిసేసరికి మెస్‌లో ఏం మిగులుతోంది?

రెండో ప్రశ్న సరదాకి రాయలేదు. గ్రౌండ్ నుంచి ఏడున్నరకు వెళ్ళే పిల్లలకు కూర అయిపోయి అడుగున పల్చటి సాంబారు, చల్లారిన అన్నం మిగిలే హాస్టళ్ళు నేను చూశాను. ఆ పిల్లల పేచీ ట్రైనింగ్‌తో కాదు, తిండితో. ఖర్చయ్యే శక్తికి సరిపడా తినకపోతే హార్మోన్లు, ఎముకలు, నెలసరి, మూడ్ అన్నీ దెబ్బతింటాయి. క్రీడా వైద్యులు దీన్ని రెడ్-ఎస్ అంటారు. లక్షణాలు అచ్చం ఓవర్‌ట్రైనింగ్‌లాగే ఉంటాయి. బరువు కేటగిరీ కోసం కడుపు మాడ్చుకునే లిఫ్టర్లలో ఇది ఎక్కువ. నెలసరి మూడు నెలలు ఆగితే ఆట సంగతి పక్కనపెట్టి గైనకాలజిస్టును కలవాలి.

## 6. మొదటి వారం: ఆపండి, కానీ మంచం ఎక్కకండి

గుర్తులు ఉన్నాయి, వేరే జబ్బు లేదు. ఇప్పుడు మొదలు.

ఏడు రోజులు త్రోలు లేవు, బార్‌బెల్ లేదు. సగం కొలతలో చేస్తానంటే ఒప్పుకోవద్దు. త్రోయర్‌కు సగం అనేది తెలియదు. సర్కిల్‌లో అడుగుపెట్టాక మూడో త్రోకే పూర్తి బలం పెడతాడు.

చేయాల్సినవి:

- రోజూ 20 నుంచి 30 నిమిషాల నడక, మాట్లాడుతూ నడవగలిగే వేగంలో
- పది పదిహేను నిమిషాలు భుజాలు, తుంటి, చీలమండలు కదిలించే తేలిక వ్యాయామం
- ఈత వస్తే వారంలో రెండుసార్లు తేలిగ్గా
- రాత్రి 8 నుంచి 9 గంటల నిద్ర, మధ్యాహ్నం 20–30 నిమిషాల కునుకు
- పొద్దున పల్స్, బరువు, ఒక్క ముక్క రాయడం యథావిధిగా

మూడోరోజుకి "ఒళ్ళు మొద్దుబారుతోంది, బలం పోతోంది" అనిపిస్తుంది. వారంలో బలం పోదు. రెండు వారాలు బరువు ముట్టకపోయినా బాగా శిక్షణ పొందినవాళ్ళ గరిష్ఠ బలం పెద్దగా తగ్గదు. తగ్గినట్టు అనిపించేదల్లా కండరం బిగువు పోవడమే.

వారం చివర ఈ నాలుగూ టిక్ పడాలి:

- [ ] మూడు రాత్రులు వరసగా మధ్యలో మెలకువ లేని నిద్ర
- [ ] ఆకలి తిరిగి రావడం
- [ ] పల్స్ పాత సగటుకు చేరడం
- [ ] ఎవరూ చెప్పకుండానే గ్రౌండ్‌కు వెళ్ళాలనిపించడం

నాలుగోదే అసలైంది. మొదటి మూడూ వచ్చి అది రాకపోతే ఇంకో వారం ఆగండి. రెండు వారాల తర్వాతా నాలుగూ రాకపోతే క్రీడా వైద్యుడిని కలవాల్సిందే. దగ్గర్లో లేకపోతే జనరల్ ఫిజీషియన్‌ను కలవండి. మనసు బాగోలేదనిపిస్తే సైకియాట్రిస్టును కలవడానికి మొహమాటపడకండి. డిప్రెషన్‌కూ ఓవర్‌ట్రైనింగ్‌కూ లక్షణాలు చాలావరకు ఒకటే.

## 7. తిరిగి రావడం: వారాల వారీగా

సూత్రం ఒకటే. ఎన్నిసార్లు అన్నదాన్నీ, ఎంత బరువు అన్నదాన్నీ ఒక్క వారంలోనే పాత స్థాయికి తెచ్చేయొద్దు. ముందు రోజుల సంఖ్య, తర్వాత త్రోల సంఖ్య, ఆఖరున బలం.

రెండో వారం. మూడు రోజులే. జిమ్‌లో మీ గరిష్ఠ బరువులో 60 నుంచి 70 శాతం, పాత సెట్లలో సగం, ఒక్కో సెట్‌లో ఇంకో మూడు నాలుగు రెప్స్ (ఎత్తులు) చేయగలిగేట్టు వదిలేయాలి. త్రోలు నిలబడి మాత్రమే, తేలిక గుండుతో, సెషన్‌కు 10 నుంచి 12. టేపు తీయొద్దు. దూరం కొలవకుండా విసరడం మనవాళ్ళకు ఎంత కష్టమో నాకు తెలుసు. అందుకే టేపు నా బ్యాగ్‌లో పెట్టి జిప్ వేస్తాను. కష్టం మార్కు 5 దాటకూడదు.

మూడో వారం. నాలుగు రోజులు. పూర్తి టెక్నిక్ త్రోలు, పాత సంఖ్యలో 60 శాతం దాకా. బరువులు 75 నుంచి 80 శాతం. మార్కు 7 మించొద్దు. గురువారం జంప్ పరీక్ష పెట్టి పాత సగటుతో పోల్చండి.

నాలుగో వారం. సంఖ్య అలాగే ఉంచి ఒక్కరోజు మాత్రం గట్టిగా. ఆరోజు నాలుగైదు త్రోలు పూర్తి బలంతో వేసి దూరం కొలవండి. మర్నాడు విశ్రాంతి.

జంప్ అంకె పాత సగటుకు చేరకపోయినా, నిద్ర మళ్ళీ చెడినా ఒక వారం వెనక్కి వెళ్ళండి. ముందుకు ఒక అడుగు వేసి వెనక్కి రెండు పడితే అప్పుడు లెక్క నెలల్లోకి మారిందని అర్థం. డాక్టరు పర్యవేక్షణ లేకుండా కొనసాగించొద్దు.

పైన చెప్పిన అమ్మాయికి అయిదు వారాలు పట్టింది. మూడో వారంలో ఒకరోజు నేను లేనప్పుడు 30 ఫుల్ త్రోలు వేసి మళ్ళీ మొదటికొచ్చింది. అందులో ఒక వారం అలా పోయింది.

గాయం కూడా తోడైతే ఇంకా ఓపిక కావాలి. నీరజ్ చోప్రా 2019 మేలో మోచేతికి శస్త్రచికిత్స చేయించుకుని, ఆ ఏడు ప్రపంచ ఛాంపియన్‌షిప్‌ను వదులుకున్నాడు. 2020 జనవరిలో దక్షిణాఫ్రికాలో 87.86 మీటర్లు వేసి టోక్యో ఒలింపిక్స్‌కు అర్హత సాధించాడు. మధ్యలో ఎనిమిది నెలలు. జిల్లా మీట్ కోసం రెండు వారాల్లో తిరిగి రావాలని తొందరపడే కుర్రాళ్ళకు ఈ తేదీలు వరసగా చెబుతుంటాను.

## 8. తిండి, నీళ్ళు, ఎండ

కోలుకునే రోజుల్లో డైటింగ్ పనికిరాదు. బరువు కిలోకు రోజుకు 1.6 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ లక్ష్యం పెట్టుకోండి. 70 కిలోల వాళ్ళకు సుమారు 110 నుంచి 140 గ్రాములు. పౌడర్లు లేకుండా ఇలా కూడుతుంది: ఒక గుడ్డులో 6 గ్రాములు, పావులీటరు పాలల్లో 8, వంద గ్రాముల వేరుశనగపప్పులో 25 దాకా. చికెన్, చేపలు, కందిపప్పు, శనగలు, పెరుగు మిగతాది చూసుకుంటాయి.

అన్నం మానేయడం ఇంకో పిచ్చి. బలం ఆటలకు పిండి పదార్థాలే ఇంధనం. ప్రాక్టీస్ అయిన గంటలోపు అన్నమో, ఇడ్లీయో, రాగి సంకటో, దాంతో పాటు ప్రొటీనో పడాలి. మెస్ ఆలస్యమయ్యే పిల్లలు నాలుగు ఉడికిన గుడ్లు, రెండు అరటిపండ్లు బ్యాగ్‌లో పెట్టుకురావాలి.

మార్చి నుంచి జూన్ దాకా మన ఎండే సగం భారం. అదే సెషన్ జనవరిలో 6 మార్కులైతే మేలో 8 అవుతుంది. ఆరింటికల్లా మొదలుపెట్టి ఎనిమిదింటికి ముగించండి. సెషన్‌కు ముందూ తర్వాతా బరువు చూసుకోండి. కిలో తగ్గితే సుమారు లీటరు చెమట పోయినట్టు. లీటరుంపావు నుంచి లీటరున్నర, ఉప్పు వేసిన మజ్జిగగానో ఓఆర్‌ఎస్‌గానో, కొద్దికొద్దిగా రెండు మూడు గంటల్లో తాగాలి.

## 9. మామూలుగా జరిగే తప్పులు

"నీరసంగా ఉంది, ఒక సెలైన్ ఎక్కించండి." ఊళ్ళో ఇది ఆనవాయితీ. అయిదు శాతం గ్లూకోజ్ ఉన్న అరలీటరు బాటిల్‌లో 25 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది, 100 కేలరీలకు లోపే. ఒక మాదిరి అరటిపండులో అంతకన్నా ఎక్కువే. పైగా ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నియమాల ప్రకారం 12 గంటల్లో 100 మిల్లీలీటర్లకు మించి నరం ద్వారా ఎక్కించుకోవడం నిషేధం. ఆసుపత్రి చికిత్స, శస్త్రచికిత్స, రోగ నిర్ధారణ పరీక్షల్లో భాగంగా న్యాయంగా తీసుకున్నవాటికే మినహాయింపు. సెలైన్‌లో మందు ఏమీ కలపకపోయినా తప్పు తప్పే. పోటీలు ఆడేవాళ్ళు ఆ బాటిల్ జోలికి పోకండి.

"రికవరీ ఇంజెక్షన్." పేరు చెప్పకుండా ఇచ్చే ఏ సూదీ వద్దు. శరీరంలో ఏం దొరికినా బాధ్యత ఆటగాడిదే. కోచ్ ఇచ్చాడన్నా, జిమ్ అన్న ఇచ్చాడన్నా నాడా (జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ) దగ్గర చెల్లదు.

నొప్పి మాత్రలు వేసుకుని ప్రాక్టీస్. నొప్పి కనపడదు, దెబ్బ పెరుగుతుంది. ఎండలో చెమటోడుతూ వేసుకుంటే కిడ్నీల మీద భారం.

ప్రతి వారం మ్యాక్స్ చూసుకోవడం. ఒక్క రెప్ గరిష్ఠ బరువు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చూసుకుంటే చాలు. రోజూ మ్యాక్స్ ఎత్తే పద్ధతిని వీడియోల్లో చూసి మొదలుపెట్టినవాళ్ళు మూడో వారానికి నాదగ్గరకు వస్తారు.

మసాజ్‌తో సరిపెట్టడం. హాయిగానే ఉంటుంది. నిద్రకూ తిండికీ బదులు మాత్రం కాదు.

సెలవు రోజున క్రికెట్. ఆదివారం విశ్రాంతి అని రాసి, మూడు గంటలు ఫాస్ట్ బౌలింగ్ వేసే జావెలిన్ త్రోయర్లున్నారు. అది కూడా నోట్‌బుక్‌లో రాయండి. భుజానికి అది బంతో బల్లెమో తెలియదు.

## 10. వీటికి ఒక్క రోజు కూడా ఆగొద్దు

- బాగా ఎత్తిన తర్వాత మూత్రం కోలా రంగులో రావడం. కండరం కరిగి కిడ్నీలను దెబ్బతీసే ప్రమాదం. వెంటనే ఆసుపత్రికి.
- వ్యాయామంలో ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, గుండె లయ తప్పినట్టు కొట్టుకోవడం
- ఎండలో తడబడుతూ మాట్లాడటం, గందరగోళం. ముందు నీడలోకి లాగి ఒంటిమీద చల్లనీళ్ళు కుమ్మరించండి, ఆలోగా 108కి ఫోన్ చేయించండి.
- చచ్చిపోవాలన్న ఆలోచనలు. ఆ పిల్లను, పిల్లాడిని ఒంటరిగా వదలొద్దు.

## 11. మళ్ళీ రాకుండా వారం, నెల ఎలా వేసుకోవాలి

మూడు వారాలు పెంచి నాలుగో వారం భారం 40 శాతం తగ్గించండి. అలిసినా అలవకపోయినా తగ్గించాల్సిందే. "ఈ వారం బాగుంది, దించను" అన్నవాళ్ళే తర్వాతి నెల దొరికిపోతారు.

వారంలో రెండు రోజులు గట్టివి, రెండు మధ్యస్థం, ఒకటి రెండు తేలిక, ఒకటి పూర్తి సెలవు. రోజూ ఒకేలాంటి 500 భారం వేసుకుంటే వారం మొత్తం 3,500 అవుతుంది. అదే మొత్తాన్ని 900, 300, 700, 200, 900, 500, 0గా పరచండి. మొత్తం ఒకటే అయినా ఒంటికి తేడా చాలా ఉంటుంది. తేలిక రోజు నిజంగా తేలికగా ఉంటేనే గట్టి రోజు గట్టిగా ఉంటుంది.

జావెలిన్‌లో ఫుల్ రనప్ త్రోలు వారానికి రెండు రోజులకు మించి నేను పెట్టను. పరీక్షల నెలలో వారం భారం మూడోవంతు ముందే కోసేస్తాను. అందుకే సంవత్సరం మొదట్లోనే హాల్ టికెట్ తేదీలు, రంజాన్ ఉపవాసాలు, అయ్యప్ప దీక్షలు అన్నీ పిల్లలతో క్యాలెండర్ మీద రాయిస్తున్నాను.

## 12. పోటీకి పది రోజులే ఉండి, ఒళ్ళు సహకరించకపోతే

నాలుగో మెట్టులోని గుర్తులు మూడు లేదా అంతకు మించి ఉంటే పోటీ వదిలేయండి. ఒకటి రెండే ఉంటే ఇలా చేయండి:

- మొదటి మూడు రోజులు: నడక, నిద్ర, తిండి. అంతే.
- నాలుగు నుంచి ఏడు: రెండు సెషన్లు. త్రోల సంఖ్య సగం, వేగం తగ్గొద్దు. జిమ్‌లో ఒక్కసారి, రెండు మూడు సెట్లు, చురుగ్గా.
- ఎనిమిది, తొమ్మిది: ఒకరోజు పూర్తి విశ్రాంతి, ఒకరోజు 15 నిమిషాల వార్మప్, ఆరు త్రోలు.
- పోటీ రోజు: వార్మప్ త్రోలు రెండే. పక్కవాడు పది వేస్తుంటాడు, మూడోది వేయాలని చెయ్యి లాగుతుంది. గుండు కింద పెట్టి, స్వెట్‌షర్ట్ వేసుకుని, మీ పేరు పిలిచేదాకా కూర్చోండి.